మాక్రోమీడియా ఫ్రీహ్యాండ్

ఫ్రీహ్యాండ్ అనేది వెక్టర్ చిత్రాలు గీయడానికి ఉపయోగపడిన ఒక గ్రాఫిక్స్ సాఫ్టువేరు. ఇది 1988లో మాకింటోష్ కంప్యూటర్ల కొరకు తొలిసారి విడుదలైంది. తరువాత దీనికి విండోస్ వెర్షన్లు కూడా వచ్చాయి. ఆల్డస్, మాక్రోమీడియా సంస్థల పేర్లతో విక్రయించబడి, చివరకు ఇది అడోబ్ సంస్థ అధీనంలోకి వచ్చింది. 2003లో విడుదలైన ఫ్రీహ్యాండ్ ఎమ్ఎక్స్ దీని ఆఖరి వెర్షను. 2011లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన లయన్ ఆపరేటింగు సిస్టముపై ఇది పనిచేయలేదు. ఆపరేటింగు సిస్టము మారినప్పుడు ఒక సాఫ్టువేరే కాక, దానితో చేసిన పని కూడా అందకుండా పోయే ప్రమాదానికి ఫ్రీహ్యాండ్ ఒక ముఖ్యమైన ఉదాహరణ.

ప్రత్యేకతలు

ఛాయాచిత్రం రంగు చుక్కల సముదాయం. వెక్టర్ చిత్రంలో అలా కాక రేఖలు, వంపులు గణితరూపంలో భద్రపరచబడతాయి. అందువలన చిత్రాన్ని ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు. చిహ్నాలు, పటాలు, ప్రకటనల తయారీకి ఈ పద్ధతి అనువైనది. వేర్వేరు కొలతలు గల అనేక పుటలను ఒకే ఫైలులో ఉంచే వీలు ఫ్రీహ్యాండ్‌లో 1990ల నుండే ఉంది. దీనికి ప్రధాన పోటీదారైన అడోబ్ ఇల్లస్ట్రేటర్‌లో ఇటువంటి సౌకర్యం 2008లో వచ్చింది.

చరిత్ర

ఫ్రీహ్యాండ్‌ను అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన ఆల్ట్‌సిస్ సంస్థ తయారుచేయగా, ఆల్డస్ సంస్థ విక్రయించింది. 1994లో ఆల్డస్ సంస్థ అడోబ్‌లో విలీనమైంది. ఇల్లస్ట్రేటర్, ఫ్రీహ్యాండ్ రెండూ ఒకే సంస్థ చేతిలో ఉంటే పోటీ నశిస్తుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం తెలిపింది. ఫలితంగా ఫ్రీహ్యాండ్ హక్కులు తిరిగి ఆల్ట్‌సిస్‌కు చేరాయి. అనుమతి లేకుండా అడోబ్ దానిని కొనరాదన్న నిబంధనకు పదేళ్ళ గడువు విధించారు. 1995లో ఆల్ట్‌సిస్‌ను మాక్రోమీడియా కొనుగోలు చేసింది. 2005లో మాక్రోమీడియాను అడోబ్ కొనుగోలు చేయడంతో రెండు సాఫ్టువేర్లూ ఒకే గూటికి చేరాయి. ఫ్రీహ్యాండ్‌కు ఇక కొత్త వెర్షన్లు ఉండవని 2007లో అడోబ్ ప్రకటించింది.

ఆపరేటింగు సిస్టములో మార్పులు

ఒక ప్రాసెసరు కొరకు తయారైన సాఫ్టువేరును వేరొక రకం ప్రాసెసరు నేరుగా అర్థం చేసుకోలేదు. ఆపిల్ సంస్థ 1994లో పవర్‌పీసీ ప్రాసెసర్లకు, 2001లో మాక్ ఓఎస్ ఎక్స్ అనే కొత్త ఆపరేటింగు సిస్టముకు మారింది. ఈ రెండు మార్పులకు అనుగుణంగా ఫ్రీహ్యాండ్‌ను సవరించారు. 2006లో ఆపిల్ ఇంటెల్ ప్రాసెసర్లకు మారే నాటికి ఆ పని చేసేవారు లేకపోయారు.

పాత సాఫ్టువేర్లు ఇంటెల్ యంత్రాలపై నడిచేందుకు ఆపిల్ రోసెట్టా అనే అనువాదకాన్ని అందించింది. ఫ్రీహ్యాండ్ ఎమ్ఎక్స్ దాని సాయంతో మరి కొన్నేళ్ళు నడిచింది. 2009లో వచ్చిన స్నో లెపర్డ్‌లో రోసెట్టాను విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. 2011 జూలైలో వచ్చిన లయన్‌లో దానిని పూర్తిగా తొలగించారు. ఫ్రీహ్యాండ్‌లో ఏ కొత్త లోపమూ తలెత్తలేదు. దానికి ఆధారమైన పొర తొలగిపోయింది. లయన్‌తో వచ్చిన కొత్త నమూనా కంప్యూటర్లలో పాత ఆపరేటింగు సిస్టము పనిచేయదు. కనుక పాత యంత్రాన్ని కాపాడుకోవడం వాడుకరులకు మిగిలిన ముఖ్య మార్గమైంది.

వాడుకరుల ఉద్యమం

ఫ్రీ ఫ్రీహ్యాండ్ అనే వాడుకరుల సంఘం 2011 మే నెలలో కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానంలో అడోబ్‌పై దావా వేసింది. పోటీ సాఫ్టువేరును కొని మూలపడేసి గుత్తాధిపత్యం సాధించారన్నది వారి ఆరోపణ. ఈ దావా 2012లో రాజీతో ముగిసింది. అయినా ఫ్రీహ్యాండ్ అభివృద్ధి తిరిగి మొదలుకాలేదు.

పాత ఫైళ్ళ పరిస్థితి

ఇల్లస్ట్రేటర్‌లోని కొన్ని వెర్షన్లు ఫ్రీహ్యాండ్ ఫైళ్ళను తెరవగలిగేవి. అయితే ఫైలులోని అన్ని అంశాలూ యథాతథంగా వచ్చేవి కావు. స్వచ్ఛంద కార్యకర్తలు ఫైలు నిర్మాణాన్ని పరిశోధించి లిబ్‌ఫ్రీహ్యాండ్ అనే ఉచిత సాఫ్టువేరును రూపొందించారు. దీని ద్వారా 2014 నుండి లిబ్రెఆఫీస్‌లో పాత చిత్రాలను తెరిచే వీలు కలిగింది.

ఇల్లస్ట్రేటర్‌కు మారిన వారికి కూడా ఈ సమస్య పూర్తిగా తప్పలేదు. 2019లో వచ్చిన మాక్ ఓఎస్ కాటలినా 32 బిట్ల సాఫ్టువేర్లను నిలిపివేయడంతో 2010 నాటి ఇల్లస్ట్రేటర్ సీఎస్5 కూడా దానిపై పనిచేయలేదు. అందుచేత దీర్ఘకాలం నిలవవలసిన చిత్రాల అసలు ఫైళ్ళతో పాటు, నిర్మాణ వివరాలు బహిరంగంగా లభించే పీడీఎఫ్, ఎస్‌వీజీ రూపాలలో కూడా ఒక ప్రతిని ఉంచడం మంచిది. ఈ ప్రతిని ఆపరేటింగు సిస్టము మార్చకముందే, సాఫ్టువేరు పనిచేస్తున్నప్పుడే తయారుచేసుకోవాలి.