చమురు కారిన బుల్లెట్టు

మద్రాసునకు ఉత్తరమున సముద్రతీరమునగల తిరువొత్తియూరు, త్రిపురసుందరిపై త్యాగరాజస్వామి రచించిన పంచరత్న కృతులవలన తెలుగువారికి చిరపరిచితమైన క్షేత్రము. అట్టి క్షేత్రమునకు గత శతాబ్ది నడుమ వేఱొక ప్రసిద్ధి కలిగినది. సరిహద్దు కాపుదలకు దృఢమైన మోటారుసైకిళ్లు భారత సైన్యమునకు కావలసివచ్చుటయు, ఇంగ్లండునందలి రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీతో మద్రాస్ మోటార్స్ వారు 1955లో చేతులు కలిపి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించుటయు, దిగుమతియైన బుల్లెట్టు మోటారుసైకిలు విడిభాగములను తిరువొత్తియూరున కూర్చుటతో ఆరంభమైన పని 1962 నాటికి సర్వభాగములను ఇచ్చటనే తయారుచేయు స్థితికి చేరుటయు పలువురెఱిగిన చరిత్రయే. 1967లో రెడ్డిచ్ కర్మాగారము మూతపడినది. తిరువొత్తియూరు బుల్లెట్టు మాత్రము ఇంచుమించు ఆ పాత రూపముతోనే దశాబ్దములు నడచినది. దానితోపాటు దాని చమురు కారెడు గుణమును నడచినది.

బండి నిలిచినచోట నేలపై నల్లని మరక యేర్పడుట యెంత సహజమనగా, చమురు కారని బుల్లెట్టులో చమురే లేదని మెకానిక్కులు పరిహసించెడివారు. కారణములు నిర్మాణమునందే యుండెను. క్రాంకుపెట్టె కుడియెడమలుగా రెండు సగములై నిలువున అతుకబడుటచే ఆ అతుకు చమురు మట్టమునకు దిగువగా సాగును. చమురు నిలువయుండు గదియు ఆ పోతలోనే యిమిడియుండును. ఎడమప్రక్కనున్న ప్రైమరీ చెయిను మూత, చుట్టును రబ్బరు సీలుతో, నడుమ నొక్క నట్టు బిగింపుతో నిలుచును. కారుచున్నదని ఆ నట్టును మితిమీరి బిగించిన మూత వంగును, వంగిన మూత మఱింత కారును. వీనియన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. 70 మిల్లీమీటర్ల బోరులో ఆ పిస్టను 90 మిల్లీమీటర్లు దిగినపుడెల్ల 346 ఘనసెంటీమీటర్ల గాలిని క్రిందికి నెట్టును. ఆ గాలిని వెలికి విడిచి మరల లోనికి రానీయని బ్రీదరు కవాటము ఎండి బిగిసిపోయినచో, దారిలేని ఒత్తిడి ప్రతి అతుకునుండియు చమురును త్రోయును. బుల్లెట్టుపై మోపిన అపవాదులో సగము ఈ చిన్న రబ్బరు ముక్కదేయని నా యభిప్రాయము.

కావుననే బుల్లెట్టు కొన్నవాడు సగము మెకానిక్కు కాక తప్పెడిది కాదు. ఆదివారము ఉదయమున ముంగిట గోనెసంచి పరచి, విప్పిన మూత అంచుపై ప్యాకింగు కాగితమునుంచి, గుండుతల సుత్తితో అంచు వెంబడి మెల్లమెల్లగా తట్టగా, లోహపు కోరే కత్తెర పనిచేసి కాగితము కావలసిన ఆకృతిని తెగెడిది. దాని కిరువైపుల షెల్లాకు పూసి అతికెడివారు. మోదుగ, రేగు చెట్లపై లక్కపురుగులు పెట్టిన జిగురునుండియే ఆ షెల్లాకు పుట్టినదని ఆ చేతులు తలచియుండవు. పిమ్మట ట్యూబులలో వచ్చిన అనాబాండు జిగురు దాని స్థానమును ఆక్రమించినది. పని సులువైనను, దట్టముగ పూసినచో లోనికి పొంగిన పొర తెగి చమురుదారిని మూయుననెడి భయము దానితో వచ్చినది. డ్రెయిను బోల్టు క్రింది రాగి వాషరును స్టవ్వుపై ఎఱ్ఱగ కాల్చి నీట ముంచిన మెత్తబడి మరల పట్టు చిక్కుననెడి కిటుకు నెఱుగని బుల్లెట్టు యజమాని అరుదు.

1985లో చమురు కారని హీరో హోండా సీడీ100 వచ్చిన పిదప ఈ యింటి విద్య క్రమముగ సన్నగిల్లినది. జపాను వారు క్రాంకుపెట్టెను అడ్డముగ చీల్చుటయే దీనికి కారణమని కొందఱందురు. 1969 నాటి హోండా సీబీ750 విషయమున నది నిజమే గాని, ఈ చిన్నబండి పెట్టె బుల్లెట్టు పెట్టెవలెనే నిలువున చీలినది. భేదమంతయు అతుకు ముఖములను చదునుచేసిన పనిలోని సూక్ష్మతయందును, ఆయిల్ సీళ్ల నాణ్యతయందును కలదు. 2010 ప్రాంతమున పోత ఇనుప బోరుగల బుల్లెట్టు ఇంజను నిర్మాణమే నిలిచిపోయినది.

మీ యింట నింకను అట్టి బండి యున్నచో, ప్యాకింగు కొనుటకు ముందు ఇంజనును కిరసనాయిలుతో కడిగి, ఆరిన పిదప ముఖమునకు పూయు పౌడరును చల్లి, కొంతదూరము నడిపి, తడి యెచట మొదలగునో చూడుడు. బ్రీదరు రబ్బరును మాత్రము అన్నిటికంటె ముందు మార్చుడు.