నూనెను ఆపిన నార

చంపావతి ఒడ్డున ఉన్న నెల్లిమర్లకు గోనె మిల్లు వలన పేరు వచ్చినది. అక్కడి రైతుకు గోగునార కొత్త వస్తువు కాదు. కట్టలు చెరువులో నానవేసి, ఒలిచి, ఎండగట్టి అమ్మడము చిన్ననాటి నుండి చూచినదే. ఆ నారను తాడుగా పేనవచ్చును, సంచిగా నేయవచ్చును. పోతయినుము నీటిగొట్టాల అతుకులలో జనపనార తాడును దట్టించి పైన సీసము పోసేవారు. కాని మోటారు ఇంజను నుండి నూనె కారకుండ కూడ ఒకప్పుడు నారతాడే పెట్టేవారని చెబితే విద్యార్థులు నవ్వుతారు. మా తరగతిలో నవ్వినారు.

ఆ తాడు కథ చెప్పడానికి పాత మిలటరీ జీపు కంటె మంచి ఉదాహరణ లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నముపై బాంబులు వేసిన నాటికే ఈ బండి యుద్ధరంగములో ఉన్నది. సైన్యపు కాగితాలలో దాని పేరు జీపు కాదు, పావు టన్ను ట్రక్కు. 1941-45 మధ్య విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేసినవి. యుద్ధానంతరము 1940ల చివరలో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చడము మొదలుపెట్టినది. అందుచేత ఆ ఇంజను మన మేస్త్రీలకు బాగా తెలిసినదే: నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్ల పరిమాణము, 60 అశ్వశక్తి.

ఇక చిక్కు ఎక్కడ ఉన్నదో చూడండి. క్రాంకు షాఫ్టు వెనుక కొన ఇంజను గోడను దాటి బయటికి వచ్చి ఫ్లైవీలును మోస్తుంది. లోపల నూనె చిమ్ముతూ ఉంటుంది. షాఫ్టు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. కదలని కన్నమైతే బిరడా కొట్టవచ్చును. తిరిగే షాఫ్టు చుట్టు ఉన్న సందును ఎట్లా మూయడము? గట్టిగా బిగిస్తే రాపిడికి మాడుతుంది, వదులైతే కారుతుంది.

ఈ చిక్కు ఆవిరి యంత్రముతోనే పుట్టినది. 1712 నాటి న్యూకొమెన్ యంత్రములో పిస్టను అంచుకు తోలు తగిలించి, పైన నీరు నిలిపేవారు. జేమ్స్ వాట్ జనుము జాతి నారను కొవ్వులో తడిపి పిస్టను చుట్టు దట్టించినాడు. సిలిండరే గుండ్రముగా లేనప్పుడు నార మాత్రము ఏమి చేయగలదు? ఫిరంగులను తొలచడానికి జాన్ విల్కిన్‌సన్ 1774లో చేసిన యంత్రము వాట్ కష్టము తీర్చినది. తరువాత 1852లో జాన్ రామ్స్‌బాటమ్ చీలిక గల లోహపు రింగును కనిపెట్టినాడు. అది తన స్ప్రింగు గుణము వలన సిలిండరు గోడను ఒత్తుకొని ఉంటుంది. పిస్టను మీద నారకు అక్కడితో పని తీరినది. తిరిగే షాఫ్టు దగ్గర మాత్రము అది మిగిలిపోయినది.

జీపులో పెట్టినది గోగునార కాదు. గోగునార వేడికి మాడుతుంది, తడికి కుళ్లుతుంది. గ్రాఫైటు పట్టించిన రాతినార, అనగా ఆస్‌బెస్టాస్, అల్లిక తాడు అది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతములో దొరికే ఖనిజమే. ఈ తాడును రెండు ముక్కలుగా, ఒకటి బ్లాకులోని గాడిలో, ఒకటి బేరింగు మూతలోని గాడిలో, నూనెలో నానబెట్టి కూర్చుతారు. గుండ్రని కడ్డీతో దొర్లించి అణచి, కొసలు కోస్తారు. పై ముక్క సరిగా పడాలంటే క్రాంకు షాఫ్టు దించవలసినదే. ఇంజను మొత్తము విప్పిన నాడే ఆ అవకాశము. మూతకు ఇరుప్రక్కల రబ్బరు ముక్కలు పెడతారు. వాటి కొసలు కాస్త పైకి ఉండాలి, నూనెతొట్టి బిగించినప్పుడు అవి నలిగి సందు మూస్తవి. ఒక మిత్రుని జీపుకు నేను వాటిని చక్కగా సమానముగా కోసి, వారము తిరగకుండ మళ్లీ తొట్టి విప్పినాను.

అయితే తాడును నిందించే ముందు రింగులను చూడవలెను. ఇంజను బోరుకు వచ్చినదంటే సిలిండరు పైభాగము ఎక్కువగా అరిగి, నిలువునా వెడల్పు మారిపోయి, రింగు దానిని అంటదు. మండిన వాయువు క్రిందికి జారి క్రాంకు పెట్టెలో ఒత్తిడి పెంచుతుంది. ఆ వాయువును తిరిగి ఇంజనులోకే పీల్పించే చిన్న వాల్వు ఒకటి జీపుకు యుద్ధకాలములోనే ఉన్నది. అమెరికా కార్లకు అటువంటిది 1960ల ఆరంభములో, గాలి కాలుష్య భయము పుట్టిన తరువాత గాని రాలేదు. ఈ వాల్వు మసితో పూడుకుంటే లోపలి ఒత్తిడి నూనెను వెనుక సీలు గుండా నెట్టుతుంది. అప్పుడు పదిసార్లు తాడు మార్చినా ఒకటే. బోరు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు వేసి, వాల్వు శుభ్రము చేసి, అప్పుడు తాడు సంగతి చూడాలి.

పాత తాడును తీయడములో అసలు ప్రమాదము ఉన్నది. రాతినార ధూళి ఊపిరితిత్తులలో చేరితే కరగదు. క్యాన్సరు ఇరవై, ముప్పది ఏండ్ల తరువాత కూడ బయటపడవచ్చును. మన షెడ్లలో పాత గాస్కెట్టును పొడిగా గీకి, నోటితో ఊదడము అలవాటు. అది మానవలెను. తడిపి తీసి, సంచిలో మూటకట్టి పారవేయాలి. క్రొత్తగా రాతినార లేని తాళ్లు, రెండు ముక్కల రబ్బరు సీళ్లు దొరుకుతున్నవి. నేనైతే రబ్బరునే ఎంచుతాను, షాఫ్టు నునుపుగా ఉంటే. గీతలు పడిన షాఫ్టు రబ్బరు పెదవిని త్వరలోనే కోస్తుంది, తాడు దానిని కొంత ఓర్చుకుంటుంది.

నూనె పూర్తిగా ఆగుతుందా? ఆ జీపును నిర్మించినవారు అంత ఆశ పెట్టుకోలేదు. ఫ్లైవీలు పెట్టె అడుగున ఒక చిన్న రంధ్రము ఉంచినారు, కారిన చుక్క క్లచ్చికి అంటకుండ నేలమీద పడడానికి. ఏరు దాటేటప్పుడు మాత్రము దానికి ఒక మర బిరడా బిగించి, ఒడ్డు చేరగానే తీసివేసేవారు.