మొరాయించిన డ్రైవర్ల కథ

మీట నొక్కగనే కంప్యూటరు మేలుకొని, తెరపై గుర్తును చూపి, అంతటితో బిగిసిపోవుట పెక్కుమంది యెరిగిన సంగతియే. మీటలు పలుకవు, మౌసు కదలదు. ఇట్టి మొరాయింపునకు గల కారణములలో డ్రైవరు అనబడు చిన్న ప్రోగ్రాము ముఖ్యమైనది. దాని చికిత్సకు నలువదేండ్ల చరిత్ర కలదు.

డ్రైవరు పని మావటి పని వంటిది. ఏనుగుతో మెలగు తీరు మావటికే తెలియును. అట్లే ప్రింటరు, స్కానరు, సౌండు కార్డు మొదలగు పరికరముల తీరు వాని వాని డ్రైవర్లకే తెలియును. యంత్రము లేచునపుడు డ్రైవరు తన పరికరమును పలుకరించి, బదులు కొరకు వేచియుండును. పరికరము చెడినను, రెండు పరికరములు ఒకే సంకేతమార్గమునకు పోటీపడినను ఆ బదులు రాకపోవచ్చును. గడువు పెట్టుకొనని డ్రైవరు ఎదురుచూచుచునే యుండును. సామాన్యమైన ప్రోగ్రాము చిక్కుపడినచో అది యొక్కటియే ఆగును. డ్రైవరులు చాలవరకు వ్యవస్థయొక్క గర్భగుడిలో నిలిచి పనిచేయును. అచ్చట చిక్కువచ్చినచో పూజ యంతయు నిలిచిపోవును.

1983లో వెలువడిన ఎమ్మెస్-డాస్ 2.0, ‘కాన్ఫిగ్.సిస్’ అను ఫైలులో ఒక్కొక్క పంక్తి వ్రాసి కొత్త డ్రైవర్లను చేర్చుకొను వీలు కల్పించెను. కొత్త పరికరములను తగిలించుకొనుట దీనివలన సులభమయ్యెను. కాని ఒక పంక్తి వద్ద యంత్రము బిగిసినచో, ఆపి మరల వెలిగించినను అచ్చటనే బిగియును. పంక్తిని దిద్దవలెనన్న యంత్రము లేవవలెను. యంత్రము లేవవలెనన్న పంక్తిని దిద్దవలెను. వేరొక ఫ్లాపీతో లేపుటయే గతి. 1993 నాటి 6.0 కూర్పు ఈ ముడిని విప్పెను. ఎఫ్5 మీట నొక్కినచో ఆ పంక్తుల నన్నిటిని విడిచి యంత్రము లేచును. ఎఫ్8 నొక్కినచో ఒక్కొక్క పంక్తికి అనుమతి నడుగును. ఏ పంక్తికి ఔనన్నంతనే యంత్రము బిగిసెనో, ఆ డ్రైవరునే అనుమానింపవలెను.

1995లో వచ్చిన విండోస్ 95 అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే లేచు ‘సేఫ్ మోడ్’ను ప్రసాదించెను. కోరినచో ప్రతి డ్రైవరు పేరును చిట్టాలో వ్రాయుచు లేచు పద్ధతియు నందుండెను. లోనికి పిలిచినట్లు వ్రాయబడి, వచ్చినట్లు వ్రాయబడని పేరు పరీక్షకు మొదటిది. విండోస్ 98 మరియొక అడుగు వేసి, క్రిందటిసారి తనను బిగించిన డ్రైవరును తానే గుర్తించి విడిచిపెట్టు సాధనమును చేర్చుకొనెను. ఆ విండోస్ 98ని 1998 ఏప్రిల్ 20న చికాగో ప్రదర్శనలో బిల్ గేట్స్ సమక్షమున చూపుచు స్కానరును తగిలింపగా, నీలితెర పడి సభ గొల్లున నవ్వెను.

అది నవ్వుతో పోయినది. 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన వ్యాసము ప్రకారము, విండోస్ ఎక్స్‌పీలో అప్పటికి నివేదింపబడిన వైఫల్యములలో నూటికి 85 డ్రైవర్ల వలన కలిగినవే.

2024 జులై 19న నవ్వుటకు ఎవ్వరికిని తీరిక లేకపోయెను. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక సమాచార ఫైలును ఆ సంస్థవారి రక్షణ డ్రైవరు చదువబోయెను. ఉన్నవి 20 విలువలు. అది 21వ దానికై చేయి చాచెను. సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు కూలిపోయెను. యంత్రము లేచునపుడే చేరవలసిన డ్రైవరగుటచే, మరల లేచినప్పుడెల్ల మరల కూలెను. తప్పు ఫైలును గంటన్నరలోపే ఉపసంహరించిరి. కాని నిలువలేని యంత్రమునకు మందు అందునా? వేలకొలది విమానములు రద్దయ్యెను. ఆసుపత్రులు చికిత్సలను వాయిదా వేసెను. హైదరాబాదు విమానాశ్రయములో బోర్డింగు పాసులను చేతితో వ్రాసియిచ్చిరి. పెక్కుచోట్ల మనుష్యుడే యంత్రము నొద్దకు నడచిపోయి, సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఫైలును తుడిచివేయవలసి వచ్చెను.

నలువదేండ్లలో పరికరములు మారినవి, చికిత్స మారలేదు. కొత్తగా చేర్చినదానిని ముందు తొలగింపుము. తక్కువ పరివారముతో లేపుము. పిమ్మట ఒక్కొక్కదానినే లోనికి పిలువుము. వెనుకకు మరలు దారిని సిద్ధపరచుకొనిన పిమ్మటనే గర్భగుడి తలుపు తెరువవలెనని ఈ చరిత్ర మనకు చెప్పుచున్నది.