గడప దాటిన వెల్లుల్లి



పప్పులో పోపు పడగానే వీధి చివరిదాకా చాటింపు వేసేదేమిటో చెప్పండి చూద్దాం. వెల్లుల్లే కదూ! కోస్తాలో వెల్లుల్లి, తెలంగాణలో ఎల్లిగడ్డ, రాయలసీమలో తెల్లగడ్డ. సంస్కృతంలో దీన్ని రసోనం అన్నారు. ఆరు రుచుల్లో పులుపు ఒక్కటే దీనికి లేదు కనుక, ఒక రసం తక్కువైనదని ఆ పేరుకు మన వైద్యులు అర్థం చెప్పారు.

దీని పుట్టిల్లు మధ్య ఆసియా. అక్కణ్ణించి వేల ఏళ్ళ కిందటే నలుదిక్కులకూ వెళ్ళింది. 1922లో బయటపడిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామెన్ సమాధిలో బంగారంతోపాటు వెల్లుల్లి గడ్డలు కూడా ఉన్నాయి. అక్కడ రాజుగారి వెంట పరలోకానికి వెళ్ళిన గడ్డ, మన దేశంలో చాలా ఇళ్ళకు గడప బయటే నిలబడిపోయింది. ఎందుకంటారా?

దానికో కథ ఉంది. దొంగచాటుగా అమృతం తాగిన రాహువు తల విష్ణుమూర్తి ఖండించాడట. గొంతులోంచి జారిన చుక్కలు నేలమీద పడి వెల్లుల్లి మొలిచిందట. అమృతం కాబట్టి రోగాలు పోగొడుతుంది, రాక్షసుడి ఎంగిలి కాబట్టి బ్రాహ్మణులకు పనికిరాదు. మంచీ చెడూ ఒకే కథలో ఎలా సర్దారో చూడండి! మనుస్మృతి కూడా ద్విజులకు దీన్ని నిషేధించింది. 5వ శతాబ్దం మొదట్లో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్, మధ్యదేశంలో ఊరి వెలుపల ఉండే చండాలురు తప్ప ఎవరూ ఉల్లి, వెల్లుల్లి ముట్టరని రాశాడు. తిండిని బట్టి మనిషిని తూచడం అప్పటికే ఉందన్నమాట.

మరి వైద్యులేమన్నారు? 1890లో మధ్య ఆసియాలోని కూచా దగ్గర బోవర్ అనే బ్రిటిష్ సైనికాధికారికి భూర్జపత్రాలమీద రాసిన పాత సంస్కృత గ్రంథం ఒకటి దొరికింది. సుమారు పదిహేను వందల ఏళ్ళనాటిది. దాని మొదటి భాగం వెల్లుల్లి గొప్పతనంతోనే మొదలవుతుంది. అందులో ఒక ఉపాయం వింటే నవ్వొస్తుంది. ఆవును ఇంచుమించు మూడు రాత్రులు మేత లేకుండా ఉంచి, తరువాత రెండు పాళ్ళ గడ్డికి ఒక పాలు వెల్లుల్లి కాడలు కలిపి పెట్టాలట. ఆ ఆవు పాలు, పెరుగు, నెయ్యి బ్రాహ్మణుడు నిరభ్యంతరంగా పుచ్చుకోవచ్చట. ఆచారమూ చెడదు, జబ్బూ నయమవుతుంది!

ఇలాంటి సర్దుబాట్లు మన ఇళ్ళలోనూ జరిగాయి. వెల్లుల్లి పేరెత్తితే మొహం చిట్లించే పెద్దవాళ్ళే, కోడలు పురుడు పోసుకుంటే పాలు పడతాయని, వాతం చేయదని, వేరే గిన్నెలో వెల్లుల్లి వేయించి పెట్టేవారు. అదే స్త్రీకి భర్త పోతే, ఉల్లి, వెల్లుల్లి రెండూ ఆమె విస్తట్లోకి రాకూడదన్నారు. బాలింతకు మందైన వస్తువు ఆ తరువాత దోషమెలా అయింది? గడ్డ మారలేదు, దాని గుణం మారలేదు. మారింది ఆమెను చూసే కన్ను మాత్రమే. ఈ మాట మనం కాస్త ఆలోచించాలి.

ఇక వంటింటి సంగతి. రెబ్బ ఒలిచినప్పుడు పెద్దగా వాసన ఉండదు, నలిపితేనే గుప్పుమంటుంది. లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు అప్పుడు కలిసి అల్లిసిన్ అనే ఘాటు పదార్థం తయారవుతుంది. 1944లో అమెరికాలో కావలిటో, బెయిలీ అనే శాస్త్రజ్ఞులు దాన్ని వేరుచేసి, సూక్ష్మజీవులను అణిచే శక్తి దానికుందని చూపారు. వేడి తగిలితే ఆ మార్పు ఆగిపోతుంది. కాబట్టి రెబ్బలు చితక్కొట్టి, ఐదు పది నిమిషాలాగి పోపులో వేయండి. మాడనివ్వకండి, చేదెక్కుతుంది.

పచ్చి రెబ్బల్ని ఉత్త నూనెలో వేసి రోజుల తరబడి బయట ఉంచకండి, విషం పుట్టే ప్రమాదముంది. ఆవకాయకైతే పులుపూ ఉప్పూ కాపు కాస్తాయి. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఆపరేషన్‌కు వెళ్ళేవారు వెల్లుల్లి మందుగా తినే ముందు డాక్టరుగారికి చెప్పాలి.

తినేవారు తినండి, మాననివారు మానక్కర్లేదు, తిననివారిని వెక్కిరించనూ వద్దు. కానీ విస్తట్లో ఏముందో చూసి మనిషి విలువ కట్టకండి. అవసరం వచ్చినప్పుడు శాస్త్రం చెప్పినవారే ఆవును అడ్డం పెట్టుకుని దారి వెతుక్కున్నారు కదా!