టెక్‌లో తెలుగు: అనుబంధ పొదుల స్థాపన, పాఠసంరక్షణ

తాండూరు, వికారాబాదు పట్టణాలు 1874లో ఏర్పడిన వాడి–సికింద్రాబాదు రైలుమార్గంపై ఉన్నాయి. తాండూరు కర్ణాటక సరిహద్దుకు చేరువలోనిది. హైదరాబాదు సంస్థానంలో పాలనాభాష ఉర్దూ. అందువల్ల ఈ ప్రాంత చరిత్ర రాసే పరిశోధకునికి తెలుగు, కన్నడ, ఉర్దూ లిపులు ఒకే పుటలో అవసరం కావచ్చు. అలా కూర్చిన పాఠం ఎంతకాలం చదవడానికి వీలుగా నిలుస్తుందన్నది ముద్రాపకునికి వదిలివేయదగిన ప్రశ్న కాదు. అది పాఠపరిష్కరణకు సంబంధించినది.

డొనాల్డ్ క్నూత్ 1970ల చివర టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థను, అక్షరాకృతులను గణితసూత్రాలతో వర్ణించే మెటాఫాంట్‌ను రూపొందించాడు. రోమన్ లిపి కోసం పుట్టిన ఆ వ్యవస్థలోకి తెలుగు అనుబంధ పొదుల ద్వారానే ప్రవేశించింది. ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్‌ల తెలుగుటెక్ 1990ల తొలినాళ్లది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి కూడా ఆ కాలానిదే. రచయిత తెలుగును రోమన్ అక్షరాలలో టైపు చేసేవాడు. ఒక చిన్న ప్రోగ్రాము దానిని టెక్‌కు అర్థమయ్యే సంకేతాలుగా మార్చేది. మెటాఫాంట్ ఖతి అక్షరాలను చిత్రించేది.

ఇటువంటి పొదిని చేతితో స్థాపించడానికి ఒక క్రమం ఉంది. మెటాఫాంట్ మూలాలు, అక్షరాల కొలతల ఫైళ్లు, శైలి ఫైళ్లు వేటికవి నిర్ణీత డైరెక్టరీలలో చేరాలి. అవి పంపిణీతో వచ్చిన వృక్షంలో కాక స్థానిక వృక్షంలో ఉంటే, పంపిణీని నవీకరించినపుడు చెరిగిపోవు. తరువాత మెక్‌టెక్స్‌ఎల్‌ఎస్‌ఆర్ ఆజ్ఞతో ఫైళ్ల సూచికను తాజాపరచాలి. గ్రంథాలయంలో పుస్తకం చేరినా పట్టికలో నమోదు కాకపోతే పాఠకునికి అందదు, ఇదీ అంతే. చివరగా కెపిఎస్‌ఇ‌విచ్ ఆజ్ఞతో ఆ ఫైలు టెక్‌కు దొరుకుతున్నదో లేదో పరీక్షించాలి.

యూనికోడ్ 1991లోనే తెలుగుకు స్థానం కల్పించినా, డి.టి.పి. రంగంలో యూనికోడేతర ఖతులు చాలాకాలం రాజ్యమేలాయి. వాటిలో నమోదయ్యేది అక్షరం కాదు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి ఆకారపు ముక్కలు. ఖతి దొరకనినాడు ఆ ఫైలు అర్థంలేని గుర్తుల కుప్ప. లిప్యంతరీకరణతో రాసిన టెక్ మూలం అలాంటిది కాదు. పొది పోయినా, ఖతి పోయినా, అందులోని ప్రతి వర్ణాన్నీ మనిషి చదవగలడు. చూడటానికి తెలుగులా కనిపించని మూలమే తెలుగు పాఠాన్ని భద్రంగా నిలిపింది.

2004లో జోనథన్ క్యూ విడుదల చేసిన జీటెక్ యూనికోడ్ పాఠాన్ని నేరుగా స్వీకరించింది. దానితో లిప్యంతరీకరణ అవసరం తొలగింది. పొదుల అవసరం తొలగలేదు. భాషల మార్పిడికి పాలీగ్లాసియా, ఉర్దూ వంటి కుడినుంచి ఎడమకు సాగే రాతకు బిడి పొది కావాలి. ఒక పొది రూపాంతరం మారితే పంక్తుల విరుపు, పుటల సంఖ్య మారవచ్చు. పుటసంఖ్యతో ఉదహరించే పరిశోధనకు ఇది చిన్న విషయం కాదు.

తాళపత్ర ప్రతిని పరిష్కరించేవారు ప్రతి ఎక్కడిదో, ఏ స్థితిలో ఉన్నదో పీఠికలో చెబుతారు. సిద్ధాంతగ్రంథపు డిజిటల్ మూలానికీ అదే మర్యాద వర్తించాలి. మూలపాఠం, ఖతి, వాడిన పొదులు, వాటి రూపాంతరాల జాబితా కలిపి భద్రపరచినపుడే మూడు లిపుల పుట రేపటి పాఠకునికి అదే పుటగా అందుతుంది.