పొగమసి కాగితం

మొన్న పాలమూరులో ఒక ఆసుపత్రిలో మా మేనత్త కాలికి ఆపరేషనయితే చూడబోయాను. నర్సమ్మకి సూదిమందు ఇవ్వడానికి పట్టిన సమయం కంటే ఏ మందు, ఎంత, ఎన్నింటికి ఇచ్చిందీ కాగితం మీద రాయడానికే ఎక్కువ పట్టింది. "రాసుడే సరిపోతున్నది, నన్ను సూసుడెప్పుడు బిడ్డా?" అని అత్త నిష్ఠూరం!

అలాంటి కాగితాలకీ ఈ ఊరి పేరుకీ దూరపు చుట్టరికం ఉందంటే నమ్ముతారా? 1890లో పాలమూరుని మహబూబ్‌నగర్ చేసిన పేరు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. ఆయన హయాంలో ఆపరేషన్ మత్తంటే క్లోరోఫారమే. 1848లో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల, పాపం, కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే పోయింది. అప్పట్నుంచీ పేచీ: మత్తులో ముందు ఆగేది గుండెా, ఊపిరా? డాక్టరు నాడి పట్టుకోవాలా, ఊపిరి చూడాలా?

ఊపిరే అన్నాడు హైదరాబాదు వైద్య పాఠశాలని నడిపిన ఎడ్వర్డ్ లారీ. 1888లో కుక్కల మీద పరీక్షలు చేశాడు. లండన్ 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. నిజాం వెయ్యి పౌన్లిచ్చి, 1889లో లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ని అక్కణ్ణుంచి రప్పించాడు. పొగమసి పట్టించిన కాగితాన్ని గుండ్రటి డబ్బాకి చుట్టి తిప్పుతుంటే, సన్నని ముల్లు రక్తపుపోటునీ ఊపిరినీ గీతలుగా గీసేది. ఎన్ని మూగజీవాలు పోయాయో! చివరికి బ్రంటనూ లారీ వైపే మొగ్గాడు.

తమాషా ఏమిటంటే, 1893లో కేంబ్రిడ్జి వాళ్లు గాస్కెల్, షోర్ ఆ కమిషన్ తేల్చిన దాన్నే తప్పుపట్టారు. క్లోరోఫారం గుండెనీ దెబ్బతీస్తుందన్నారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద రుజువు చేశాడు: మత్తు పలచగా ఉన్నప్పుడే గుండె గిలగిలలాడి ఆగిపోగలదు. ఊపిరి మీద కన్నేయమన్న లారీ మాట మంచిదే. గుండెకి భయం లేదన్నదే తప్పు.

ఆ గీతలు జంతువులవి. మనిషికి మత్తిస్తూ నాడీ, ఊపిరీ ఎప్పటికప్పుడు రాసే చీటీని 1894లో బోస్టన్‌లో కుషింగ్, కాడ్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలెట్టారు. అంతకుముందు కుషింగ్ ఈథరిస్తుండగా ఒక రోగి చనిపోయాడు మరి.

ఇదంతా అత్తకేం చెబుతాను? సాయంత్రం డ్యూటీ మారింది. కొత్తగా వచ్చినమ్మ సిరంజి పట్టుకుని మంచం దాకా వచ్చి, కాగితం చూసి ఆగింది. ఆ మందు అప్పటికే ఇచ్చేశారట. సిరంజి మళ్లీ ట్రేలో పెట్టేసింది.