హమాలీ

అరబ్బీలో ‘హమ్మాల్’ అంటే బరువు మోసేవాడు. ఆ మాట పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. ఉర్దూలో హమ్మాలీ అంటే మోసే పని. తెలుగులో మనిషీ హమాలీయే, అతని కూలీ హమాలీయే. పార్సిల్ ఆఫీసు రసీదులో కిరాయి పక్కన విడిగా కనిపించే ‘హమాలీ’ ఈ రెండోది. కోస్తాలో ఈ పనివారిని ముఠా కూలీలని కూడా అంటారు.

ఒక్కరి సరుకుతోనే లారీ నిండితే ఒకచోట ఎత్తి మరోచోట దించడమే. పదిమంది వ్యాపారుల సరుకు కలిపి వేసేటప్పుడే హమాలీ నేర్పు తెలుస్తుంది. చివరి ఊళ్లో దిగేది ముందు ఎక్కాలి. నూనె డబ్బా బట్టల బేలు మీదికి రాకూడదు. బస్తాకు వేసే కొక్కెం అట్టపెట్టెకు తగలకూడదు. దీన్ని ఒట్టి మోత పని అనడం తప్పు. ఈ పనివారిని చట్టం కూడా గుర్తించింది: మహారాష్ట్ర 1969లో చేసిన మాథాడీ (తలపై బరువు మోసే) కార్మికుల చట్టం పేరులో ‘హమాల్’ అన్న మాట కూడా ఉంది.